నిద్రలో పుచ్చుకున్న తాంబూలం

నీలంపేట తవిటయ్య సన్నాయి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. ఆయన గొంతు మాత్రం సొంత ఊళ్లోనే చాలామందికి తెలియదు. మాట రాని మనిషేమీ కాదు. దాంతో అవసరం పడలేదంతే. పెళ్లిలో ఎవరేం అడిగినా సన్నాయితోనే జవాబు చెప్పేవాడు. ఇంట్లో చెప్పవలసినవన్నీ భార్య నూకాలమ్మ చెప్పేసేది.

అలాంటి మనిషి చేత కాసేపు మాట్లాడించాలి. వాగు పక్కనున్న గెడ్డ ఒడ్డు ఆసుపత్రిలో మత్తు డాక్టరు మణిమాలకి ఆ సాయంత్రం అదే పని.

"ఏదైనా చెప్పండి తవిటయ్యగారూ. మీ ఊరి గురించి చెప్పండి."

"ఊరు బాగుంతాది."

"ఇంకా?"

తవిటయ్య చాలాసేపు ఆలోచించాడు. "ఇంకేటుంతాది. ఊరే."

పక్కనున్న నూకాలమ్మకి ఆగలేదు. "ఈ మనిసిని కదిపితే ఏటొత్తాదమ్మా? నన్నడుగు, నాను సెప్తాను. ఈయన పుట్టకముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయినారు. ఈడైనా బతకాలని మా అత్త పక్కింటామెకి ఇచ్చీసి, సేటడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది. అందుకే తవిటయ్యన్నారు. నా పేరేమో నూకాలు. తవుడూ నూకలూ ఒక్క సోటికి సేరినాయని మా పెళ్లినాడు ఊరంతా నవ్విందమ్మా."

బల్ల మీది పెట్టె ఇదంతా శ్రద్ధగా విని, కాసేపటికి అచ్చం నూకాలమ్మ గొంతుతో "తవుడూ నూకలూ" అంది. మణిమాల తల పట్టుకుంది. నేర్చినదంతా చెరిపేసి మళ్లీ మొదలుపెట్టింది.

ఆ పెట్టెకీ, దాంతోపాటు మెడకి అంటించే తడి కాగితం లాంటి పట్టీకీ కలిపి ఆమె పలుకుతీగ అని పేరు పెట్టుకుంది. ఆమె కలిపే మత్తులో మనిషికి ఒళ్లు తెలియదు, నొప్పి తెలియదు, నాలుక కదలదు. వినే మూల ఒక్కటి మాత్రం మేలుకుని ఉంటుంది. ఏదైనా అడిగితే గొంతు నరాల్లో జవాబు సన్నగా వణుకుతుంది. పట్టీ ఆ వణుకుని అందుకుంటుంది. పెట్టె దాన్ని ఆ మనిషి గొంతుతోనే పైకి పలుకుతుంది. తెలివొచ్చాక మాత్రం ఆ మనిషికి అందులో ఒక్క ముక్క గుర్తుండదు.

దీని కోసం ఆమె చాలా ఏళ్లు పెట్టింది. చదువుకునే రోజుల్లో ఒక పెద్దాసుపత్రిలో చూసింది. కడుపులో రాయి తీయించుకోడానికి వచ్చిన ఒకామెకి, ఎలాగూ తెరిచాం కదా అని గర్భసంచి కూడా తీసేశారు. ఆమె లేచి సంగతి తెలిసి, "నన్నొక మాట అడిగారా?" అంది. గదిలో ఉన్న తెల్లకోట్లన్నీ నేల చూశాయి. అందులో మణిమాల కోటు కూడా ఉంది. మధ్యలో అడగడానికి వీలుండాలి అనుకుంది ఆ రోజు. ఇదిగో, ఇప్పటికి వీలు కుదిరింది.

పెట్టెకి తవిటయ్య గొంతు నేర్పడం అయ్యాక ఆమె అసలు సంగతికి వచ్చింది. తవిటయ్య ఎడమ చెవి ముందు నిమ్మకాయంత కంతి ఉంది. ఆపరేషన్‌కి ఒప్పుకోవాలి. అంతలో నూకాలమ్మ తమ్ముడు గవరయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. బావ మేళంలో శ్రుతి పట్టే మనిషి అతను.

"ఇప్పుడొద్దు డాక్టరమ్మా. పెళ్లి కాణ్ణించి తిన్నగా ఇటే వచ్చినాం. బావ కల్లు పుచ్చుకున్నాడు."

"కొంచెమే కదా. నిలకడగానే ఉన్నారు."

"కొంచెమైనా అంతే. కల్లు మీద పుచ్చుకున్న తాంబూలం మా మేళంలో సెల్లదు. ఎంతటి మోతుబరైనా తెల్లారి మళ్లీ రావాల, మళ్లీ ఆకు చేతిలో పెట్టి అడగాల. అప్పుడన్నదే మాట."

మణిమాల నవ్వింది. ఆ పద్ధతేదో బాగానే ఉందనుకుంది. పొద్దున్నే వార్డుకి వెళ్లేసరికి నూకాలమ్మ కొంగున రెండు తమలపాకులూ ఒక వక్కా కట్టుకుని సిద్ధంగా ఉంది. "ఇయ్యి సేతిలో పెట్టి అడుగు తల్లీ. నేకపోతే ఈయనకి అడిగినట్టుండదు" అంది.

మణిమాల ఆకులు పెట్టి అడిగింది. తవిటయ్య వాటివంక చూసుకున్నాడు.

"కంతి తీసీండి. బుగ్గ జోలికి రాకండి."

"కంతి నరానికి అంటుకుని ఉంటే?"

"ఒగ్గీండి."

"కొంత ముక్క లోపల ఉండిపోతుంది మరి. ఏళ్లు పోయాక మళ్లీ పెరగొచ్చు."

"పెరగనీ." తవిటయ్య గుప్పిట మూశాడు. ఆయన వరకు మాట అయిపోయింది.

*

ఆపరేషన్ చేస్తున్నది డాక్టర్ సన్యాసిరావు. పెద్దవాడు, చెయ్యి నిదానం. కోసే ముందు పక్కవాళ్లకి ఒక పాత జోకు చెప్పడం ఆయనకి అలవాటు. ఆ రోజూ చెప్పాడు. కోసి లోపల చూశాక మాత్రం నవ్వు ఆగిపోయింది.

తెల్లటి దారప్పోగు లాంటి నరం ఒకటి కంతిలోకి దూరి అవతలికి వస్తోంది. పై పెదవినీ కింది పెదవినీ ఎడమవైపు బిగించేది అదే.

"దీన్ని వదిలేస్తే కంతిలో పావు వంతు వదిలేసినట్టే. తీస్తే శుభ్రంగా పోతుంది. కానీ మనిషి సన్నాయి ఊదలేడు. పొద్దున వదిలేయమన్నాడు కదమ్మా?"

"అడుగుదాం సార్. ఇందుకే కదా ఇది చేసింది."

మణిమాల తవిటయ్య చెవి దగ్గరికి వంగింది. "తవిటయ్యగారూ, నేను మణిమాలని. వినబడుతోందా?"

పెట్టె చిన్నగా గొణిగింది. తరవాత పలికింది.

"వినబడకేటి తల్లీ. సక్కగా వినబడతంది. ఈడేటి ఇంత సల్లగా ఉంది, పనసచెట్టు నీడలాగ! మీరందరూ తిన్నారా?"

నర్సు కిసుక్కున నవ్వింది. సన్యాసిరావు కళ్లు పెద్దవి చేశాడు. "మన తవిటయ్యేనా ఈయన?"

"నానే బాబూ, తవిటయ్యని. మీ చెయ్యి తేలిక. నాకేటీ తెలీడం నేదు."

మణిమాల ఉన్నది ఉన్నట్టు చెప్పింది. నరం సంగతి, పెదవి సంగతి, సన్నాయి సంగతి. పెట్టె ఒక్క క్షణం ఆగలేదు.

"తీసీండి."

"సన్నాయి ఉండదు తవిటయ్యగారూ. ఇంక ఊదలేరు."

"పోనీండమ్మా. కుర్రతనం కాణ్ణించీ ఊదినాను. ఎన్ని పెళ్లిళ్లు! మేళపోళ్లకి పెట్టేది ఆకరి బంతిలో. అప్పుటికి పులుసు అడుగంటిపోద్ది, అప్పడాలు మెత్తబడిపోతాయి. నూకాలు ముందే తినీసి, ఓ పక్కన కూకుని నాకోసం సూత్తా ఉంతాది. ఒక్క పెళ్లిలోనైనా దాని పక్కన కూకుని తినాలని ఉంది తల్లీ. ఏడన్నం, ఏడి పప్పు. దాని ఇస్తర్లో అప్పడం నాను లాగీసుకుంతాను. అది తిడతాది. తిట్టనీ."

గదిలో ఎవరూ నవ్వలేదు. నర్సు మొహం పక్కకి తిప్పుకుంది.

సన్యాసిరావు మళ్లీ అడిగించాడు. ఆ తరవాత తనే స్వయంగా ఇంకోసారి అడిగాడు. ప్రతిసారీ అదే జవాబు, అంతే సంతోషంగా.

"పొద్దున చెప్పిన మాటో?" అన్నాడాయన మణిమాలవైపు చూసి.

"పొద్దున భయంతో అన్నారు సార్. ఇప్పుడు భయం లేదు, బెరుకు లేదు. మనసులో ఉన్నది ఉన్నట్టు చెబుతున్నారు. ఇంతకంటే నిజమైన మాట ఇంకెక్కడ దొరుకుతుంది?"

ఆ మాట ఆమె గట్టి నమ్మకంతోనే అంది. సన్యాసిరావు కత్తెర అందుకున్నాడు.

*

తవిటయ్యకి తెలివొచ్చింది. మంచినీళ్లు అడిగాడు. తాగిన నీళ్లలో కొన్ని ఎడమ పెదవి మూలనుంచి గెడ్డం మీదికి కారాయి. తుడుచుకున్నాడు. మళ్లీ తాగాడు. మళ్లీ కారాయి.

"ఏటి, ఇలగుంది?"

సన్యాసిరావు అక్కడే ఉన్నాడు. "వాపు. కొత్తలో ఉంటుంది. చూద్దాం" అన్నాడు. అని, బయట ఏదో పని ఉన్నట్టు వెళ్లిపోయాడు.

మణిమాల మంచం దగ్గరే నిలబడింది. లోపల కబుర్లు చెప్పిన మనిషి కోసం ఆ మొహంలో వెతికింది. కనబడలేదు. ఈయన కళ్లు మాత్రం ఆమెని నమ్మకంగా చూస్తున్నాయి.

"ఆపరేషన్‌లో నాతో మాట్లాడారు, గుర్తుందా?"

తవిటయ్య తల అడ్డంగా ఊపాడు. నూకాలమ్మ పకపకా నవ్వింది. "ఈయనా? మాటాడినాడా? ఇంకెవుళ్లనో సూసుంతావు తల్లీ!"

చెప్పవలసిన మాట మణిమాల నోటిదాకా వచ్చింది. రేపు చెబుదాంలే అనుకుంది. రేపు వచ్చింది. ఆ రేపు కూడా అలాగే గడిచింది. కట్టు విప్పిన నాడు తవిటయ్య సంచిలోంచి సన్నాయి తీశాడు. పెదవుల మధ్య పీక పెట్టుకుని ఊదాడు. బుగ్గ నిండలేదు. ఎడమవైపు నుంచి గాలి బుస్సుమంది. స్వరం సగం పలికి కూలబడింది.

ఆయన సన్నాయిని తువ్వాలుతో తుడిచి సంచిలో పెట్టేశాడు.

"గాలి పోతంది" అన్నాడు. అంతే. నూకాలమ్మ కూడా ఏమీ అనలేదు. అందుకే మణిమాలకి భయం వేసింది.

వాళ్లు ఊరికి వెళ్లిపోయారు, వాపు తగ్గుతుందన్న ధైర్యంతో.

*

ఆ ఆదివారం మధ్యాహ్నం మణిమాల ఇంట్లో భోజనానికి కూర్చుంది. తల్లి శేషమ్మ వంకాయ కూర వడ్డిస్తూ, "ఉద్యోగం మానేస్తావా ఏమిటే?" అంది.

"నేనా? ఎవరన్నారు?"

"నువ్వే అన్నావు. ఇందాక చాపమీద కునుకు తీసినప్పుడు. మానేస్తానమ్మా, రాజీనామా రాసేస్తాను, ఊళ్లో కూర్చుని జామచెట్లు పెంచుకుంటాను అన్నావు. ఎంత ముద్దుగా చెప్పావో! సరేలేవే అన్నాను కూడా."

"నిద్రలో వంద అంటాం అమ్మా."

"అబద్ధమా మరి?"

మణిమాల ఆలోచించింది. "అబద్ధం కాదు. ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ నిజంగా మానేయడం వేరు."

"అదేమిటే. నిజమే అంటున్నావు కదా. నీ మాటే కదా. నేను రాసి, రేపు పట్టుకెళ్లి మీ పెద్దడాక్టరుకి ఇచ్చేస్తే?"

"నన్ను అడక్కుండానా?"

"అడిగాను కదే! అవునన్నావు!" శేషమ్మ నవ్వుతూ ఇంకో గరిటె కూర వేసింది. "తిను. కూర చల్లారిపోతోంది."

మణిమాల చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. గవరయ్య అడ్డం పెట్టిన చెయ్యి కళ్ల ముందు కదిలింది. కల్లు చుక్క పుచ్చుకున్న మనిషిని అడగడానికి తెల్లారేదాకా ఆగింది తను. అంత మత్తిచ్చి పడుకోబెట్టిన మనిషిని అడగడానికి క్షణం ఆగలేదు. ఆయన నిద్రలో అబద్ధం ఆడలేదు. భార్య పక్కన కూర్చుని అన్నం తినాలన్న కోరిక నిజమే. కానీ అది ఆయనలో ఒక ముక్క. సన్నాయి కావాలన్న ముక్కని తను మత్తిచ్చి పడుకోబెట్టేసి, మిగిలినవాణ్ణి అడిగింది. వాడు మహా సంతోషంగా ఒప్పుకున్నాడు. రేపు లేచి సన్నాయి ఊదబోయేవాడి గతి ఏమవుతుందో వాడికేం పట్టింది!

మర్నాడు ఆమె సన్యాసిరావు గదికి వెళ్లింది.

"నీలంపేట వెళ్లి చెప్పేస్తాను సార్. నరం తీసేశామని."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఆయన ఒప్పుకున్నాకే తీశాం. అందరం విన్నాం. మన తప్పేముంది?"

"తప్పు లేకపోతే వాపని ఎందుకన్నాం సార్?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "పై నెల పరిశీలన బృందం వస్తోంది. వాళ్లు ఊ అంటే రాష్ట్రమంతటా నీ పలుకుతీగ పెడతారు. ఇప్పుడీ సంగతి బయటికొస్తే అది అటకెక్కుతుంది. చూసుకున్నావా?"

"చూసుకున్నాను."

"వాపన్నది నేను. నా మాటో?"

"అదీ చెబుతాను సార్. మీరొస్తే మీరే చెప్పుకోవచ్చు."

సన్యాసిరావు కిటికీవైపు తిరిగాడు. ఆమె ఒక్కతే వచ్చేసింది.

*

కరెంటు బస్సు దిగి మణిమాల తవిటయ్య ఇల్లు అడుగుతూ వెళ్లింది. వసారాలో గవరయ్య రెల్లు చీల్చి సన్నాయి పీకలు కడుతున్నాడు. తవిటయ్య గోడకి ఆనుకుని చూస్తున్నాడు. ఎప్పుడూ తన చేతిలో ఉండే పని అది. ఇప్పుడు చూస్తున్నాడు.

"ఓలమ్మో, డాక్టరమ్మ! కూకో తల్లీ, కూకో. ఎండనపడి వచ్చినావు" అంటూ నూకాలమ్మ పీట వేసింది. మజ్జిగ తెచ్చింది.

మణిమాల మజ్జిగ ముట్టలేదు.

"ముందు నేను చెప్పేది వినండి. అది వాపు కాదు. దానంతటది తగ్గదు. పెదవి బిగించే నరం కంతిలో ఉంటే, మేం తీసేశాం."

గవరయ్య చేతిలో కత్తి ఆగింది.

"ఒగ్గీమన్నాడు గదమ్మా బావ?"

"అన్నారు. మధ్యలో నిద్రలో ఉండగా మళ్లీ అడిగాను. తీసేయమన్నారు. నేను ఆ మాట పట్టుకున్నాను. తరవాత పెద్దడాక్టరుగారు వాపని చెబితే నోరు మూసుకున్నాను. రెండూ నా తప్పులే."

"ఏటీ, ఈయన మాటాడినాడా?" నూకాలమ్మ కోపం తెచ్చుకోవాలో ఆశ్చర్యపడాలో తేలక మొగుడి మొహం చూసింది. "నా కాపురమంతా కలిపితే కుండెడు మాటలు నేవు. మీకు మత్తులో సెప్పినాడా? ఏటన్నాడేటి?"

"అది ఆయన మాటమ్మా. ఆయనకే చెబుతాను. మీకు చెప్పాలో వద్దో ఆయనిష్టం."

తవిటయ్య లేచాడు. పెరట్లోకి నడిచాడు. మణిమాల వెనకే వెళ్లింది. అరటిచెట్ల దగ్గర నిలబడి, ఒక్క ముక్క మింగకుండా చెప్పింది. పనసచెట్టు నీడ, ఆఖరి బంతి, మెత్తబడిన అప్పడాలు, నూకాలు విస్తరి.

వింటూ వింటూ తవిటయ్య చెవులు ఎర్రబడ్డాయి. కోపమో సిగ్గో తెలియలేదు. అరటాకు చీలికని వేళ్లతో ఇంకా సన్నగా చీల్చాడు.

"నానే" అన్నాడు చివరికి. "నా మాటే. ఎవులికీ సెప్పనేదు." చీలికని కింద పడేశాడు. "అయితే మాత్తరం, సన్నాయి తీసీమని నానెప్పుడన్నాను? అది వేరు, ఇది వేరు."

"అవును. నాకు తెలియాల్సింది."

"నువ్వు తెల్లారి మళ్లీ రావాల తల్లీ." గొంతు పెద్దది చెయ్యలేదు. కానీ తిట్టినట్టే తగిలింది మణిమాలకి. "కుట్లేసీసి, నన్ను లేపి, ఆకు సేతిలో పెట్టి అడగాల. గవరడు సెప్పినాడా నేదా?"

"చెప్పాడు. నవ్వేసి ఊరుకున్నాను."

తవిటయ్య ఆమెకేసి చూశాడు. ఆమె కళ్లు దించుకోలేదు, ఏడవలేదు. ఆ నిలబడడం ఆయనకి నచ్చినట్టుంది. "మజ్జిగ తాగు. ఎండనపడి వచ్చినావు" అన్నాడు.

లోపలికి రాగానే నూకాలమ్మ అడ్డం పడింది. "ఏటంట? ఏటన్నావంట మావా?"

"ఏటీ నేదు."

"ఏటీ నేకపోతే సెవులెందుకు ఎర్రబడ్డాయి?"

*

మణిమాల తిరిగి వచ్చి గోడ మీద పెద్ద అక్షరాలతో ఒక పద్ధతి రాసి అంటించింది. నిద్రలో మనిషి వద్దంటే అక్కడే ఆపాలి. నిద్రలో సరే అన్నా, మెలకువలో అననిదైతే అది సరే కాదు. కుట్లు వేసి, లేపి, తెల్లారి అడగాలి. నిద్రలో అన్న ప్రతి మాటా అన్నవాడికి పొద్దున్నే చెప్పేయాలి.

సన్యాసిరావు వచ్చి అది చదివాడు. "రెండు కోతలు పడతాయి. రెండు మత్తులు. కొందరికి ప్రమాదం కూడా."

"నిజమే సార్. అది కూడా ముందే చెప్పి అడుగుదాం."

ఆయన నిలబడి మరోసారి చదివాడు. జేబులోంచి కలం తీసి, కింద తన సంతకం కూడా పెట్టాడు. "నీలంపేటకి బస్సు ఎన్నింటికి?" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ వెళ్లారు. సన్యాసిరావు వసారా మెట్టు మీదే నిలబడి, "వాపని అబద్ధం చెప్పాను తవిటయ్యా. భయపడ్డాను" అన్నాడు. జోకేమీ చెప్పలేదు.

నూకాలమ్మ ఆయన్ని కిందికీ పైకీ చూసింది. "ఇంతోటి బాబువి, నీకు భయమేటి? కోసేది నువ్వు, కోయించుకునేది మావు!" అంది. ఆ మాటతో పీట కూడా వేసింది.

చెవి కిందనుంచి ఇంకో నరం ముక్క తెచ్చి, తెగిన చోట అతకవచ్చు. చెవి తమ్మె మొద్దుబారిపోతుంది. అతికినది కుదురుకోడానికి నెలలు పడుతుంది. కుదరకపోనూ వచ్చు. కుదిరినా మునుపటంత బిగువు రాదు. ఇవన్నీ మణిమాల దాచకుండా చెప్పింది. చెప్పి, సంచిలోంచి తమలపాకులూ వక్కా తీసి ఆయన ముందు పట్టుకుంది.

తవిటయ్య వెంటనే చెయ్యి చాపలేదు.

"నిద్రలో మళ్లీ అడుగుతారేటి?"

"వద్దంటే అడగం. అడిగినా ఆ మాట మీద కత్తి కదపం."

తవిటయ్య నవ్వాడు. సగం పెదవితో. మణిమాల ఆయన నవ్వడం చూడటం అదే మొదలు.

"అడుగు. ఆడు ఏటంతాడో నాకూ సెప్పు" అని ఆకులు అందుకున్నాడు.

అతుకు వేస్తున్నంతసేపూ పెట్టె పలుకుతూనే ఉంది. గవరడు శ్రుతి పడుతూ కునుకు తీస్తాడంది. నూకాలు చారు బాగుంటుంది గానీ ఉప్పు ఎక్కువంది. పొద్దున మంచం దగ్గర కూర్చుని మణిమాల అన్నీ అప్పజెప్పింది. తవిటయ్య చారు దగ్గర కంగారుపడ్డాడు. "అది మాత్తరం ఆయమ్మకి తెలకూడదు తల్లీ."

పరిశీలన బృందం వచ్చినప్పుడు మణిమాల తవిటయ్య అనుమతి తీసుకుని, తన పొరపాటుతోనే మొదలుపెట్టి చెప్పింది. సన్యాసిరావు అన్నట్టే అయింది. పలుకుతీగని అటకెక్కించారు, ఏడాదిపాటు. ఆ ఏడాదీ ఆమె రోజూ ఆసుపత్రికి వెళ్లి మామూలు మత్తులిచ్చింది. మధ్యలో ఒకసారి జామచెట్ల గురించి కూడా ఆలోచించింది. ఏడాది తిరిగాక ఆ గోడమీది పద్ధతితో సహా పలుకుతీగని కిందికి దించారు. ఇప్పుడు గెడ్డ ఒడ్డు ఆసుపత్రిలో పొద్దున పూట, ముందురోజు కోతలో అడగవలసిన మాటేదైనా మిగిలిపోతే, నర్సులు "తాంబూలానికి టైమైంది" అంటారు.

*

గవరయ్య మరదలి కూతురి పెళ్లికి డాక్టర్లిద్దరికీ పిలుపు వచ్చింది. పందిట్లో సన్యాసిరావు ముందు వరసలో కూర్చుని చెవి ఒగ్గి వింటున్నాడు, తన కుట్లు తనే వింటున్నట్టు.

తవిటయ్య ఊదుతున్నాడు. ఎడమ బుగ్గ కుడి బుగ్గంత పొంగడం లేదు. పై స్వరాల దగ్గర కొద్దిగా గాలి జారి, పాటకి ఒక జీర వస్తోంది. తాళి కట్టే వేళకి ఆ జీరతోనే గట్టిగా ఎత్తుకున్నాడు. పక్కన శ్రుతి పడుతున్న గవరయ్య మెలకువగానే ఉన్నాడు.

మణిమాల పక్కనున్న ముసలామె, "మునుపు నున్నగుండేది. ఇప్పుడేదో మనిసి గొంతులాగుంది" అంది. బాగుందందో లేదందో మణిమాల అడగలేదు.

అక్షింతలు పడ్డాయి. వంటవాళ్లు విస్తళ్లు వేస్తున్నారు. మొదటి బంతిలో ఆడవాళ్ల వరస నిండింది. నూకాలమ్మ చివర కూర్చుని, పక్కామెకి ఏదో చెప్పి నవ్విస్తోంది.

తవిటయ్య సన్నాయిని తువ్వాలులో చుట్టాడు. గవరయ్య ఒళ్లో పెట్టాడు. లేచి, పందిరి దాటి, తిన్నగా ఆడవాళ్ల బంతి దగ్గరికి నడిచాడు. అందరూ తలెత్తి చూశారు.

నూకాలమ్మకి గాభరా పుట్టింది. "ఏటయింది మావా? బుగ్గ నొప్పేటి? డాక్టరమ్మని పిలవనా?"

"నొప్పి నేదు."

"మరేటి ఇలగొచ్చినావు? మేళపోళ్లది ఆకరి బంతి గదా. ఇది ఆడోళ్లది. అందరూ నవ్వుతారు!"

"నవ్వనీ." తవిటయ్య ఆమె ముందే నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. అంత మాట పందిట్లో అందరి ముందూ చెప్పడం ఆయనకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. "డాక్టరమ్మకి నిద్రలో సెప్పీసినాను. నీకు మెలకువలో సెప్తన్నాను. నీ పక్కన కూకుని పెళ్లిబోయినం తినాలని ఉంది. శానా ఏళ్ల కాణ్ణించి."

ఆడవాళ్లందరూ గొల్లుమన్నారు. నూకాలమ్మ నవ్వలేదు. ఎప్పుడూ ఆగని ఆ నోరు ఒక్కసారి ఆగిపోయింది. ఏమనాలో తెలియక, ముందున్న విస్తరిని పక్కకి జరిపింది. తను కూడా జరిగింది.

తవిటయ్య కూర్చున్నాడు. వేడన్నం, వేడి పప్పు వచ్చాయి. మొదటి ముద్దకి పప్పు కొంచెం ఎడమ పెదవి మూలనుంచి జారింది. నూకాలమ్మ కొంగుతో తుడిచింది. తుడుస్తూ చూసుకోలేదు. ఈలోగా ఆమె విస్తర్లో అప్పడం మాయమైంది.

"ఓరి నీ సిగతరగ!" అంది నూకాలమ్మ.

తవిటయ్య అప్పడం కరకరా నమిలాడు.